మన్ను లేని చెట్లు

పుంగనూరులో నల్లప్ప గొంతు వినని మనిషి లేడు. ఆయన మాట నమ్మే మనిషీ లేడు.

గొంతు వినకుండా ఎట్లా తప్పించుకుంటారు? ఆయనది మైకుసెట్టు. పెళ్లిళ్లలో భోజనాలకు పిలిచేది ఆయనే, జాతరలో తప్పిపోయిన పిల్లోడి చొక్కా రంగు చెప్పేది ఆయనే. చదివింది ఎనిమిదో తరగతి, అదీ రెండుసార్లు. అయితేనేం, ఎవరి గొంతు కావాలంటే వాళ్ల గొంతు ఆయన నోట్లోంచి ఊడిపడేది. ఒక పెళ్లిలో మగపెళ్లివాళ్లు మరీ నీలుగుతున్నారని, "మగపెళ్లివారికి మనవి, మీ బస్సు మీరు లేకుండానే పలమనేరు దిక్కు పోతా ఉండాది" అని మైకులో చెప్పాడు. తాళి కట్టే వేళకు పెళ్లికొడుకు పక్కన వాళ్ల మేనత్త ఒక్కతే మిగిలింది, ఆమెకు మోకాళ్ల నొప్పులు కాబట్టి. పక్కింటి విజయమ్మకు కరెంటాఫీసు గొంతుతో ఫోన్ చేసి, మీ మీటరుకు ఎండ తగిలి వేగంగా తిరుగుతోంది, నీడ పట్టండి అన్నాడు. విజయమ్మ గంటసేపు మీటరుకు గొడుగు పట్టుకుని నిలబడింది.

ఊరంతా నవ్వేది. నవ్వినవాళ్లంతా తమ వంతు వచ్చినప్పుడు మాత్రం మూతి ముడుచుకునేవాళ్లు. నల్లప్పకు అదీ నవ్వులాటే.

ఆయన భార్య ప్రమీల గవర్నమెంటు నర్సమ్మ. పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసే పని. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి, బయట గిరాకీ లేని రోజున నల్లప్ప ఎగతాళి అంతా ఆమె మీదే. పెద్ద డాక్టరు గొంతుతో "ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాం" అని ఫోన్ చేస్తే, ఆమె తల కూడా దువ్వుకోకుండా ఉరికేది. సాయంత్రం తిరిగొచ్చి చేతికి దొరికింది విసిరేది. విసిరాక నవ్వేది కూడా.

నవ్వనిది ఒక్కసారే. ఒక పెళ్లిలో ఆమె ఎంతకీ కదలకపోతే, ఇంటికి పోదామని తొందరపెట్టడానికి, "మీ అమ్మకు బాగలేదంట, సోమల నుంచి ఫోన్ వచ్చినాది" అన్నాడు. ఆమె ఆ పట్టుచీరతోనే బస్సెక్కి సోమలకు పోయింది. అక్కడ ఆమె తల్లి రెడ్డెమ్మ అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. ఆ తర్వాత మూడు రోజులు ప్రమీల మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, అంతటితో అయిపోయిందనుకున్నాడు నల్లప్ప.

ఎనిమిది నెలలకు సోమల నుంచి నిజంగానే ఫోన్ వచ్చింది. పొద్దున పదకొండు గంటలు. రెడ్డెమ్మకు ఊపిరి అందడం లేదు, కూతుర్ని పిలుస్తోంది. నల్లప్ప ప్రమీలకు ఫోన్ చేశాడు.

"మీ అమ్మకు బాగలేదే. బిరీన పోదాం రా."

"పోయి మైకులో చెప్పుకోపో. ఈడ నలభై మంది బిడ్డలుండారు నాకు."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. బండేసుకుని ఆ పల్లెకు పోయాడు. ఆమె ఒక చంటిపిల్ల తొడకు సూది వేస్తోంది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమె తల ఎత్తి చూసి, పక్కనున్న ఆడవాళ్లతో అంది:

"సూడండమ్మా, ఇప్పుడు ఏడ్చేది కూడా నేర్చుకున్నాడు."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. మిగిలిన పిల్లలందరికీ టీకాలు వేసి, ఐసు పెట్టె మూత వేసి, రిజిస్టరు రాసి, అప్పుడు ఫోన్ చూసుకుంది ప్రమీల. సోమలలో ఉండే అన్న నుంచి పదకొండు మిస్‌డ్ కాల్స్ ఉన్నాయి. సోమల చేరేసరికి రెడ్డెమ్మను బయట పడుకోబెట్టి ఉన్నారు. అరగంట అయిందట.

దినాలు అయ్యాక ప్రమీల కుప్పానికి బదిలీ పెట్టుకుంది. బట్టలు సర్దుకుంటూ ఒకే మాట అంది.

"నువ్వు అబద్ధాలు చెప్తావని కాదు నేను పోయేది. నువ్వు నిజం చెప్తే నాకు తెలీకుండా చేసినావు సూడు, దానికి."

నల్లప్ప దగ్గర ఊళ్లోవాళ్లందరి గొంతులూ ఉన్నాయి. ఆ మాటకు జవాబు చెప్పే గొంతు ఒక్కటీ లేదు.

*

ఆమె పోయాక ఇంట్లో ఆమెవి మిగిలినవి పెరటి గోడ మీది ఇరవై ఏడు చెక్కలు.

అవి ఆర్కిడ్ చెట్లు. అంగట్లో దొరికే పెద్ద పూల రకాలు కావు, అడవి జాతులు, చిన్నవి. మదనపల్లెలో వెంకటరత్నమ్మ అనే రిటైరైన బాటనీ లెక్చరరుకు ప్రమీల ఒకప్పుడు ఇంటికి పోయి ఇంజెక్షన్లు వేసేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన ముసలి మామిడి చెట్ల కొమ్మల మీద నుంచి ఆ లెక్చరరమ్మ వాటిని ఏరి తెచ్చి బతికించుకుంది. పిలకలు వస్తే ప్రమీలకు ఇచ్చేది. అట్లా ఒకటొకటిగా ఇరవై ఏడయ్యాయి.

వాటికి కుండీ ఉండదు, మన్ను ఉండదు. అరచెయ్యంత చింతబెరడు చెక్క, దాని మీద ఇంత కొబ్బరి పీచు, పీచు మీద బొటనవేలంత మొక్క, ఊగకుండా దారంతో నాలుగు చుట్లు. అంతే. తీగ కొక్కెంతో గోడ మీది జాలీకి తగిలించడమే. దారం నాలుగు నెలలే, తర్వాత వేళ్లే బెరడును కరుచుకుంటాయి. పొద్దునా సాయంత్రం తడపాలి. పూస్తే పువ్వు కందిగింజంత. నల్లప్ప ఎప్పుడూ ఆ పూలను చూడలేదు. "కళ్లద్దాలు పెట్టుకుని సూసే పువ్వు ఏమి పువ్వే" అని ఎగతాళి చేసేవాడు.

కుప్పంలో ఆమె తీసుకున్న అద్దె గదికి కిటికీ కూడా సరిగా లేదు. అందుకే చెట్లను వదిలి పోయింది. వాటిని ఏం చెయ్యాలో ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు.

మొదటి నెల నల్లప్ప పెరట్లోకే పోలేదు. ఒక ఆదివారం పోయి చూస్తే ఆకులు ముడతలు పడి ఉన్నాయి, వేళ్లు తెల్లగా గాల్లో వేలాడుతున్నాయి. ఆయన తాతముత్తాతలు సేద్యగాళ్లు, ఆయన కూడా పాతికేళ్ల దాకా వేరుశెనగ పీకినవాడే. వేరు బయటికి కనబడిందంటే ఆ చెట్టు పని అయిపోయినట్టేనని పుట్టినప్పటి నుంచీ ఆ కళ్లకు తెలుసు. ఇరవై ఏడు చెట్లు ఇన్నాళ్లూ వేళ్లు బయట పెట్టుకుని ఎట్లా ఓర్చుకున్నాయో అనిపించింది.

ఆ రోజే పోయి ఎర్రమన్ను తెచ్చాడు. మేకల ఎరువు తెచ్చాడు. ఇరవై ఆరు కుండీలు తెచ్చాడు, ఎందుకంటే ఒక చెక్క కనబడలేదు. దారాలు కోసి, బెరడును పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసి, ప్రతి మొక్కనూ మెడ దాకా మన్నులో పెట్టి, నిండా నీళ్లు పోశాడు. సాయంత్రానికి నడుం పట్టేసింది. వరుసగా పెట్టిన కుండీలను చూసుకుని, బతుకులో మొదటిసారి ఎవరినీ ఆటపట్టించకుండా ఒక పని చేశాను అనుకున్నాడు. ప్రమీల వచ్చినప్పుడు చూసి ఏమంటుందో కూడా ఊహించుకున్నాడు.

వానాకాలం నడిమికి ఆకులు పసుపెక్కాయి. తర్వాత నల్లబడ్డాయి. ఎరువు చాలలేదనుకుని ఇంకా వేశాడు. కార్తీకం వచ్చేసరికి చాలా కుండీల్లో మన్ను తప్ప ఏమీ కనబడలేదు. అయినా రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాడు. తవ్వి చూడడానికి మాత్రం చెయ్యి రాలేదు. మొక్క లేని కుండీలకు ఆయన నీళ్లు పోస్తుంటే గోడ మీద నుంచి చూసి విజయమ్మ, ఇదేదో కొత్తరకం ఎగతాళి అనుకుని తల లోపలికి లాక్కుంది.

ఆ రోజుల్లో ఇల్లు ఎట్లా ఉండేదంటే, పెళ్లి నుంచి వచ్చి స్పీకర్లు దించాక కూడా ఆయన రేడియో పెట్టేవాడు కాదు. అన్నం వండుకునేవాడు, తినేవాడు, గిన్నె కడిగేవాడు. ఒకసారి అలవాటుగా తహసీల్దారు గొంతు పెట్టి "ఏమయ్యా నల్లప్పా, అన్నంలో ఉప్పేసినావా" అని తననే అడిగాడు. ఖాళీ ఇంట్లో ఆ గొంతు ఎంత పెద్దగా వినబడిందంటే, మళ్లీ ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు.

*

పద్నాలుగు నెలలకు ప్రమీల ఫోన్ చేసింది.

"ఏం చేస్తాండావు?"

"వైర్లు చుడతాండాను."

"క్వార్టర్స్ ఇచ్చినారు నాకు. వరండా ఉండాది, పొద్దుటి ఎండ పడతాది. నా చెట్లు తెచ్చియ్యి. వచ్చే ఆదివారం."

"సరే."

"అన్నీ బాగుండాయి గదా?"

అక్కడే చెప్పాల్సింది. "తెస్తా" అన్నాడు నల్లప్ప. ఫోన్ పెట్టేసింది.

పెరట్లోకి పోయి ఒక్కో కుండీ చూసుకుంటూ వచ్చాడు. రెండు మొక్కలు మాత్రం విచిత్రంగా బతికి ఉన్నాయి. మన్ను పొసగక అవి వేళ్లను అంచు మీదుగా బయటికి పంపి, కుండీ బయటి గోడను పట్టుకున్నాయి. ఇంకొకటి, ఆ రోజు కనబడని చెక్క. నీళ్ల ట్యాంకు వెనక పడిపోయి, కారే కొళాయి తుంపర్లు తాగుతూ అందరికంటే పచ్చగా ఉంది. ఆయన చెయ్యి తగలనందుకు బాగుపడింది.

మూడు. ఇరవై నాలుగు పోయాయి.

మరుసటి రోజు బస్సెక్కి మదనపల్లెకు, వెంకటరత్నమ్మ ఇంటికి పోయాడు. ఆమె డాబా మీద నీడవల కింద గోడలనిండా చెక్కలే. కర్ర ఊతంతో నిలబడి చెట్లు తడుపుతోంది.

"ఏం నల్లప్పా, ఇవాళ ఎవురి గొంతుతో వచ్చినావు? పోయినసారి మున్సిపాలిటీ కమిషనరుగా ఫోన్ చేసి నా డాబాకు పన్నేసినావు."

"ఇవాళ నా గొంతేను మేడమ్."

"అది ఎట్లుంటాదో నేనెప్పుడూ వినలేదే."

జరిగింది చెప్పాడు. మన్ను, మేకల ఎరువు అనేసరికి ఆమె పడీపడీ నవ్వింది. "మేకల ఎరువా! భలే అల్లినావే కథ" అంది. సంచిలోంచి మూడు మొక్కలు తీసి చూపించాక ఆ నవ్వు ఆగిపోయింది. కర్ర పక్కన పెట్టి కూర్చుంది.

"మన్నులో ఊపిరాడదయ్యా వాటికి. ఆ వేళ్లు తడవల్ల, మళ్లా ఆరల్ల. తడిసింది తడిసినట్టే ఉంటే కుళ్లిపోతాయి. నీకెవురూ చెప్పలేదా?"

"అడిగేదానికి ఎవురుండారు మేడమ్."

ఆమె పక్కనున్న కత్తెర ఇచ్చింది. మెత్తబడిన వేరు నొక్కి చూసి కత్తిరించాలి, గట్టిగా ఉన్నది వదలాలి. బెరడు గరుకు పక్క పైకి పెట్టాలి. పీచు పలచగా పరవాలి. దారం బిగించేటప్పుడు మొక్క ఊగకూడదు, ఊగితే కొత్త వేరు కొన విరిగిపోతుంది. నల్లప్ప మైకు వైర్లు కట్టే వేళ్లు ఆ పని తొందరగానే పట్టుకున్నాయి.

మూడో చెక్క కడుతూ, ఆమె ముఖం చూడకుండా అడిగాడు.

"మేడమ్, ఆమె దగ్గరుండేవన్నీ మీ ఇంటి పిలకలే గదా. ఇంగో ఇరవై నాలుగు ఇప్పిస్తే... ఆమెకు తెలీదు."

వెంకటరత్నమ్మ కర్ర అందుకుంది. లేచి, గోడ మీద నుంచి ఒక్కో చెక్క తీసి టమోటా క్రేటులో పేర్చడం మొదలుపెట్టింది. పది పెట్టింది, పదిహేను పెట్టింది.

"తీసుకుపో. నాకేమి, పంచేదానికే ఉండేవి ఇవి. తెలీకపోవచ్చు కూడా. ఆమెను ఇంగొక్కసారి ఏమార్చితే నీకు బాగుంటాదంటే, తీసుకుపో."

నల్లప్ప క్రేటు ఎత్తి మెట్ల దాకా మోసుకుపోయాడు. బరువేమీ లేదు, గాలిని మోసినట్టే ఉంది. కుప్పం వరండాలో ఇరవై ఏడు చెక్కలు తగిలించి ఉన్నట్టు, ప్రమీల నవ్వుతున్నట్టు కళ్లకు కనబడింది. ఆ నవ్వు తనకు కాదు, తను పెట్టిన ఇంకో గొంతుకు అని కూడా కనబడింది. మొదటి మెట్టు మీద నుంచే వెనక్కి వచ్చి, క్రేటు నేల మీద దించాడు.

"మూడే తీసుకుపోతా" అన్నాడు.

*

ఆదివారం కుప్పం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మూడు చెక్కలను ఒళ్లో నిలబెట్టి పట్టుకున్నాడు. పక్కసీటు ఆమె పలమనేరు దాకా ఓపిక పట్టి, ఇంక పట్టలేక అడిగింది.

"దిష్టికా నాయనా? గుమ్మానికి కట్టే కలబంద మాదిరి?"

నల్లప్ప నాలుక దురద పెట్టింది. మామూలు రోజైతే ఆమె బస్సు దిగేలోపల ఆ చెక్క ఒకటి దిండు కింద పెట్టుకుంటే అల్లుడు మాట వింటాడని నమ్మించేవాడు.

"కాదమ్మా. మా ఇంటామె చెట్లు ఇవి."

"చెట్లయితే మన్ను యాడ?"

"మన్ను అక్కర్లేదు వీటికి. గాలికే బతుకుతాయి."

ఆమె ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "తెల్లెంటికలు వచ్చినా ఇంకా ఎగతాళే నీకు" అని ముఖం తిప్పుకుంది.

కుప్పంలో క్వార్టర్స్ కనుక్కుని పోయేసరికి ప్రమీల వరండాలో జాలీ బిగించి, ఇరవై ఏడు కొక్కేలు వంచి సిద్ధంగా పెట్టుకుని ఉంది. చిక్కిపోయింది. కళ్లద్దాలు వచ్చాయి. ఆయన్ను చూసి, చెక్కల్ని చూసి, మూడింటినీ చేతిలోకి తీసుకుంది. ఒక్కోదాన్ని తిప్పి వేళ్లు చూసింది.

"కొత్తగా కట్టినావే. నువ్వేనా?"

"నేనే."

"బాగా కట్టినావు. తక్కినవి?"

"చచ్చిపోయినాయి."

ఆయన చెప్పాడు, మన్ను, ఎరువు, కుండీలు, వానలు. చెప్తుంటేనే ఆమె పెదవి ఒక మూల వంకర తిరిగింది. ఆ వంకర ఆయనకు బాగా తెలుసు, ఇరవై ఏళ్లు చూసినది.

"యాడ దాచినావు?"

"దాచలేదే. నిజంగా..."

"ఆటోలో పెట్టి గేటు బయట నిలబెట్టినావు, అంతే గదా? పిలువు, ఎండ తగులుతాది వాటికి."

చెప్పులు వేసుకుని గేటు దాకా పోయింది. రోడ్డు అటూ ఇటూ చూసింది. మలుపు దాకా నడిచి, అక్కడ ఆగిన ఆటోలోకి తొంగి కూడా చూసింది. నల్లప్ప వరండాలో నిలబడి ఆమె వీపును చూస్తున్నాడు. అది ఎగతాళే అయితే బాగుండునని, ఆ ఆటోలో ఇరవై నాలుగు చెక్కలు ఉంటే బాగుండునని ఆయనకు ఎంత గట్టిగా అనిపించిందంటే, ఒక క్షణం తనూ ఆటో వైపు ఆశగా చూశాడు.

ఆమె తిరిగి వచ్చింది. ఒట్టు పెట్టడానికి చెయ్యి ఎత్తాడు, దించేశాడు. ఆ చేత్తో పెట్టని ఒట్టు లేదు, ఊళ్లో ఒక్క దేవుణ్ణీ వదిలిపెట్టలేదు.

"సరేలే" అంది ప్రమీల. "ఎప్పుడు బయట పెట్టాలనుకుంటే అప్పుడు పెట్టు. ఓపిక ఉండాది నాకు. అన్నం తినిపో."

అన్నం పెట్టింది. తిన్నాడు. ఆ మూడింటినీ జాలీకి తగిలించింది. ఖాళీ కొక్కేలను తియ్యలేదు.

*

బుధవారం పొద్దున నల్లప్ప వైర్లు చుట్టుకుంటుంటే గేటు చప్పుడైంది. ప్రమీల. చేతిలో సంచి లేదు. పద్నాలుగు నెలలుగా ఆయన ఎదురుచూసిన అడుగులు అవి, కానీ అవి ఆయన దగ్గర ఆగకుండా సీదా పెరట్లోకి పోయాయి.

గోడ మీది జాలీ చూసింది, ఖాళీ. స్నానాలగది చూసింది. అటక ఎక్కింది. గోడ మీద నుంచి విజయమ్మను పిలిచింది.

"అక్కా, నా చెట్లు మీ ఇంట్లో దాచినాడా?"

"నాకేం తెలీదమ్మా. ఆయప్ప మాట నాకు చెప్పొద్దు. గొడుగు పట్టిన చెయ్యి ఇంకా నొప్పి నాకు."

చివరికి పెరట్లోనే, ఆయన స్పీకరు పెట్టెల వెనక్కి నెట్టేసిన కుండీలు కనబడ్డాయి. ప్రమీల మొదటి కుండీ ముందు మునికాళ్ల మీద కూర్చుని వేళ్లతో తవ్వింది. అడుగున మెత్తటి నల్లటి ముద్ద. వాసన చూసింది. రెండోది తవ్వింది. మూడోది. నల్లప్ప గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. పదో కుండీ దాకా ఆమె చేతుల్లో తొందర ఉంది, ఎక్కడో ఒకచోట ఈ ఆట బయటపడుతుందన్నట్టు. ఆ తర్వాత తొందర పోయింది. అయినా ఆపలేదు. ఒక్కోదాన్ని తవ్వి, ముద్దను బయటికి తీసి, పక్కన పెడుతూ పోయింది. ప్రతిదాన్నీ ఏ మొక్కో గుర్తుపడుతున్నట్టు ఉంది. ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది.

కొంతసేపటికి తల ఎత్తకుండానే అంది.

"నిజమే చెప్పినావు."

చేతిలోని ముద్దను పక్కన పెట్టింది.

"ఆ పొద్దు కూడా నిజమే చెప్పినావు." గొంతు మారిపోయింది. "నువ్వు వచ్చి నా ముందర నిలబడినావు. నేను నవ్వినాను. మా అమ్మ ఆడ నన్ను పిలస్తాండాది, నేను ఈడ నవ్వినాను."

మన్ను చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నల్లప్ప బతుకంతా ఎక్కడ నిశ్శబ్దం వచ్చినా ఏదో ఒక గొంతుతో దాన్ని నింపినవాడు. ఇప్పుడు ఏ గొంతూ తీసుకోలేదు. పోయి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, దూరంగా కూర్చున్నాడు.

చాలాసేపయ్యాక ఆమె ముక్కు తుడుచుకుని, మిగిలిన రెండు కుండీలూ తవ్వింది. చివరి దాంట్లో చెయ్యి ఆగింది. నల్లటి ముద్ద నడుమ పెసరగింజంత గట్టి కణుపు, దానికి అంటుకుని ఒకే ఒక్క చిన్న ఆకు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇరవై నాలుగు చచ్చినాయన్నావు."

"అవును."

"ఇరవై మూడే. మళ్లా అబద్ధమే."

నవ్వలేదు. కానీ ఆ మాట అన్న తీరు పాతది.

పాత బెరడు చెక్క ఒకటి వెతికి, కణుపును కడిగి, పీచు పరిచి కట్టింది. ఆమె పట్టుకుంటే ఆయన దారం చుట్టాడు. వాళ్ల వేళ్లు తగిలాయి, ఇద్దరూ వెనక్కి తీసుకోలేదు, పని కదా. జాలీ మీద నీడపక్కన తగిలించింది.

"బస్సు కుదుపులకు ఇది తట్టుకోదు. ఈడే ఉండల్ల. దినామూ పొద్దున, సాయంత్రం తడుపు. కారేటట్టు పొయ్యొద్దు. నేను ఏడు గంటలకు ఫోన్ చేసి అడుగుతా, డ్యూటీకి పోకముందు."

"ఫోటో తీసి పంపిస్తా. సూసుకుంటావు."

"ఫోటో వద్దు. నోటితో చెప్పు."

చేతులు కడుక్కుంది. ఉండమని అడగాలనుకున్నాడు నల్లప్ప. వెనకాలే గేటు దాకా పోయాడు. ఆమె మధ్యాహ్నం బస్సుకు పోయింది.

తర్వాత ఇల్లు మళ్లీ మామూలుగా అయింది. ఊళ్లో పెళ్లిళ్లు నడుస్తున్నాయి, మైకులో భోజనాలకు పిలుస్తున్నాడు, ఇంటికొచ్చి ఒక్కడే తింటున్నాడు. పొద్దున ఏడింటికి ఫోన్. అది నిమిషం కూడా ఉండదు. "తడిపినావా?" "తడిపినా." "ఎట్లుండాది?" "అట్లనే ఉండాది." ఆమె పెట్టేస్తుంది. ఆ నిమిషం తర్వాత ఇరవై మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలు ఆయన నోటికి పెద్ద పనేమీ ఉండదు.

పన్నెండో రోజు పొద్దున పెరట్లోకి పోతే ఆ ఒక్క ఆకు పండిపోయి ఉంది. వేలు తగలగానే ఊడి అరచేతిలో పడింది. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. అట్లనే ఉండాది అనొచ్చు. రెండే రెండు మాటలు, రోజూ చెప్పేవే. కుప్పానికి ఈ గోడ కనబడదు. ఆమె ఒక్క రోజు సంతోషంగా డ్యూటీకి పోతుంది. ఆకు లేదని చెబితే, ఇక రేపటి నుంచి అడగడానికి ఏముంటుంది? ఆ ఫోన్ కూడా రాకపోవచ్చు.

ఫోన్ మోగింది.

"తడిపినావా?"

"తడిపినా. ఆకు రాలిపోయినాది ప్రమీలా."

అటువైపు దూరంగా ఎవరిదో ప్రెషర్ కుక్కర్ కూత వినబడింది.

"కణుపు నొక్కి సూసినావా?"

"సూసినా. గట్టిగానే ఉండాది. పక్కన సూది మొనంత ఏదో వస్తాండాది, అది చిగురో కుళ్లో నాకు తెలీదు."

"సరే" అంది ప్రమీల. "నీళ్లు మానొద్దు. రేపు చెప్పు."

పెట్టేసింది. నిజమా అని అడగలేదు. నల్లప్ప ఇంకొంతసేపు ఆ ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, ఊడిన ఆకు అరచేతిలో ఉండగా పెరట్లో అట్లానే నిలబడ్డాడు.